బొమ్మ పైకి, తెలుపు లోపలికి

మా అమ్మ పోయిన మర్నాడు, ఇంటి ముందు షామియానా ఇంకా విప్పకముందే, మా వీధి మొగదల ఒక ఫ్లెక్సీ లేచింది. సరుగుడు కర్రల చట్రానికి బిగించి, కరెంటు స్తంభానికి తాళ్ళతో కట్టారు. పుదుచ్చేరిలో ఇది మామూలే. పెళ్ళికి ఒకటి, పిల్ల చెవులు కుట్టిస్తే ఒకటి, నాయకుడి పుట్టినరోజుకు వీధి పొడుగునా, చావుకు 'కన్నీటి అంజలి' అని ఒకటి. మా ఊళ్ళో మనిషి పోయిన సంగతి బంధువులకంటే ముందు ఫ్లెక్సీ వేసేవాడికి తెలుస్తుంది. పాల పాకెట్టు కోసం బయలుదేరిన నేను దాని కింద నిలబడిపోయాను.

అందులో మా అమ్మ ఒక మూల కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉంది. మిగతా అంతా తలైవరే. నాయకుణ్ణి తమిళంలో తలైవర్ అంటారు, ఒర్లియంపేటలో తరాలుగా తెలుగు మాట్లాడుకునే మా ఇళ్ళల్లోనూ అదే మాట. తెల్ల చొక్కాతో, చేతులు జోడించి, నిలువెత్తున ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర వరసగా ఆయన మనుషుల తలకాయలు. ఇక మా అమ్మకైతే మెడ కింద ఒళ్ళు ఆమెది కాదు. ఎర్ర పట్టుచీర, రెండు పేటల హారం ఉన్న ఎవరిదో ఒంటికి ఆమె తల తెచ్చి అతికించారు. మా అమ్మ జన్మలో హారం వేసుకోలేదు. పైన తమిళంలో పెద్ద అక్షరాలతో 'మా పార్టీ మహిళా విభాగం మూలస్తంభం, తలైవర్ ప్రియ సోదరి' అని రాశారు.

ఆ ఫోటో నాకు తెలుసు. పోయిన ఏడాది వానల్లో, నెత్తిన ఫ్లెక్సీల మూట పెట్టుకుని అరియాంకుప్పం బస్సు కోసం నిలబడినప్పుడు పక్కింటి పిల్ల సెల్‌ఫోనులో తీసింది. అందులో అమ్మ ఎవరినో ఏదో అని నవ్వుతోంది. వీళ్ళు మూట కోసేసి నవ్వు ఉంచుకున్నారు. ఏడవాల్సిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాక రాద్దామని కూర్చుంటే ఎప్పటికీ రాయలేనని ఇప్పుడే రాస్తున్నాను.

మా అమ్మ ఏ పార్టీలోనూ లేదు. ఆమె చేసిన పని ఏ పార్టీకీ అక్కర్లేని పని. ఊళ్ళో వేడుకలు అయిపోయాక ఫ్లెక్సీలు పెట్టించినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఇంక దీనితో పని అయిపోయిందా, నాకిస్తారా?" అని అడిగి తెచ్చుకునేది. అడక్కుండా మాత్రం ఒక్కటీ తీసేది కాదు. మేడ మీద పరిచి, సబ్బుపొడి నీళ్ళతో కడిగి, రెండేసి పొరలు కలిపి, అంచుల్లో తాడు పెట్టి మడిచి, దబ్బనంతో కుట్టేది. దారం జాలర్ల దగ్గర కొనే నైలాను దారం. తాడు కట్టే చోట చిరక్కుండా పాత హవాయి చెప్పులు గుండ్రంగా కోసి, ఆ రబ్బరు బిళ్ళలు అటూ ఇటూ పెట్టి కుట్టేది. ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, వానలు దిగకముందే వాటిని మూటగట్టి, అరియాంకుప్పం ఏటి గట్టు మీద గుడిసెలవాళ్ళకు ఇచ్చి వచ్చేది. ఇచ్చి రావడమంటే చేతికిచ్చి రావడం కాదు. కప్పు మీద సరిగ్గా పరిచి కట్టేదాకా అక్కడే ఉండేది.

కట్టడానికి ఆమెకొక పద్ధతి ఉంది. బొమ్మ పైకి, తెలుపు లోపలికి. ఎందుకని నేను చిన్నప్పుడే అడిగాను. "లోపల పడుకునేవోళ్ళకి కండ్లు తెరిస్తే ఈళ్ళ మొకాలు యాడ చూపించేది? ఎండకీ వానకీ ఈళ్ళనే చూడనీ" అంది. అలా మా ఊరి నాయకులందరూ, సినిమా హీరోలందరూ, కొత్త పెళ్ళికొడుకులూ ఆ గట్టు మీద వెల్లకిలా పడుకుని వాన మొహాన కొట్టించుకున్నారు. పై నుంచి చూసే కాకులకు పుదుచ్చేరి రాజకీయం మొత్తం తెలిసి ఉంటుంది.

చావు ఫ్లెక్సీలను మాత్రం ఆమె ఇంటి కప్పుకు వాడేది కాదు. పోయినవాళ్ళ బొమ్మ బతికున్నవాళ్ళ నెత్తిన ఉండకూడదని మా వైపు గట్టి పట్టింపు. అమ్మకు ఆ పట్టింపు లేదు. "నాకేం లేదమ్మా, పడుకునేది వాళ్ళు గదా" అని వాటిని వేరేగా చుట్టి, కట్టెల మోపుకో, మేకల పాకకో, ఇడ్లీ బండి మీదికో ఇచ్చేది.

ఈ పనికి ఆమెకు దక్కిన బిరుదులు చెప్తాను. మా వీధిలో చాలామంది చాటుగా 'చెత్త ఏరుకునే ఆమె' అనేవాళ్ళు. మేడ మీద ఫ్లెక్సీలు ఆరేస్తే కంపు కొడుతోందని ఎదురింటివాళ్ళు పెద్దమనుషుల చేత చెప్పించారు. బస్సులో మూట ఎక్కించనీకుండా కండక్టర్లు సాధించారు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ, తను పనిచేసే మిల్లు మూతపడి ఇంట్లో కూర్చున్నాక కూడా, ఆ మూట బస్టాండు దాకా సైకిలు మీద తోసుకెళ్ళేవాడు. ఆయన పోయాక ఆమే నెత్తిన పెట్టుకుంది. అదే మనుషులు శవం దగ్గర కూర్చుని 'దేవత, తల్లి లాంటిది' అంటుంటే నా పళ్ళు నూరుకోవడం నాకే వినిపించింది. బతికున్నప్పుడు ఒక్కళ్ళన్నా ఒక్క కుట్టు వేశారా అని అడిగేదాన్ని. మా పిన్ని నా చెయ్యి నొక్కిపట్టింది.

తలైవర్ సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట వానలు విపరీతంగా పడి ఏటి నీళ్ళు గట్టెక్కాయి. ఆ గుడిసెలన్నిటికీ తన కుట్లు సరిపోవని అమ్మ ఆయన ఆఫీసుకు వెళ్ళింది, టార్పాలిన్లు ఇప్పించమని అడగడానికి. నేను తట్టాంచావడిలో సీసా మూతలు చేసే చిన్న ఫ్యాక్టరీలో పని చేస్తాను. ఆ పూట సెలవు పెట్టి తోడు వెళ్ళాను. చాలాసేపు నిలబెట్టారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆయన లోపలికి పిలిచాక కూడా ఫోనులోంచి తలెత్తలేదు. అమ్మ చెప్పుకుంటూ పోయింది. చివరికి, "ఆ గట్టు మీదవాళ్ళకి ఓటు యాడుంది?" అని ఒక్క మాట అడిగి టీ అందుకున్నాడు. మా పక్క చెయ్యి ఊపాడు, అంతే. ఒక్కసారి కూడా ఆమె మొహం చూడలేదు.

నేను విసవిసా బయటికి నడిచాను. అమ్మ గేటు దగ్గర ఆగింది. గోడకు ఆనించి ఆయన పోయిన పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి ఉంది, బాగా పెద్దది. వాచ్‌మన్‌ను అడిగింది, అతను తీసుకుపొమ్మన్నాడు. చంకన పెట్టుకుని, "వచ్చిన పని అయింది పద" అంది. నేను నవ్వలేదు. ఆమె బస్సు ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది.

అలాంటి మనిషి 'తలైవర్ ప్రియ సోదరి' ఎలా అయిందో అడగడానికి, ఆ ఫ్లెక్సీ పెట్టించిన కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. మా వీధివాడే, తలైవర్ వెంట తిరుగుతాడు, నన్ను అక్కా అంటాడు. టీ కొట్టు దగ్గర దొరికాడు.

"తమ్ముడూ, ఆ బేనరు తీసెయ్యి."

"ఏందక్కా ఇట్లా మాట్లాడతా ఉండావు? తలైవర్ బేనరు పెట్టేది ఊర్లో ఎంతమందికి దక్కతాది? మర్యాద గదా."

"మర్యాద యాడుంది అందులో? ఆ పట్టుచీర ఎవురిది?"

అతను నిజంగానే ఆలోచించాడు. "డిజైను షాపులో అట్లనే ఏస్తారక్కా. ఆడోళ్ళకి అందరికీ అదే బాడీ. మా అత్త పోయినప్పుడూ అదే ఏసినారు."

"మా అమ్మ మీ పార్టీలో ఎప్పుడు చేరింది?"

"చేరేదేముందక్కా, మనసులో మనతోనే ఉండింది."

నేను నోరు పారేసుకున్నాను. ఏమన్నానో అంతా గుర్తు లేదు, గుర్తున్నది రాయలేను. టీ కొట్టు ఆయన స్టవ్ ఆపి విన్నాడు. చివరికి ఆ కుర్రాడు నీళ్ళు నములుతూ, "తలైవర్ ఫోటో ఉండే బేనరు నేనెట్ట తీసేది అక్కా, నా మీద పడతారు. పెద్దకర్మ అయ్యేదాకా ఉండనీ" అన్నాడు. పోలీసు స్టేషనులో చెప్పాను. కట్టకూడని చోట కట్టారని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. చావు బేనరు గదమ్మా, సర్దుకో అన్నారు. నా తల్లి చావును నాకే సాకుగా చూపించారు.

పెద్దకర్మ దాకా రోజూ దాని కింద నుంచే పనికి పోయాను. పెద్దకర్మ రోజున వంటవాళ్ళ గిన్నెలు కూడా దాని కిందనుంచే వచ్చాయి. వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. మా దూరపు బంధువొకాయన, "అక్కకు తలైవర్‌తో అంత పరిచయం ఉందని మాకు తెలీదే" అని, తన కొడుక్కి ఉద్యోగం మాట నాతో ఎత్తాడు. అమ్మ ఇన్నేళ్ళు కుట్టిన కుట్లన్నీ ఒక పక్కకు పోయి, ఆ అతికించిన ఒళ్ళే నిజమైపోతోందని నాకు భయం పట్టుకుంది. నేను పోరాడింది ఆ కుట్ల కోసమే. గుడ్డ ముక్క కోసం కాదు.

ఆ మర్నాడు వాన మొదలైంది. గాలికి ఒక పక్క కర్ర విరిగి ఫ్లెక్సీ వాలిపోయింది. దాన్ని పెట్టించిన తమ్ముడు రాలేదు, ఎవరూ రాలేదు. పొద్దున పనికి పోయే వేళ, వీధంతా చూస్తుండగా, నేను స్టూలు వేసుకుని కత్తితో తాళ్ళు కోసి దాన్ని దించాను. అడక్కుండా తీయకూడదన్నది అమ్మ పద్ధతి. నేను అడిగి అడిగి విసిగిపోయాను కాబట్టి అడిగినట్టే లెక్క వేసుకున్నాను. చుట్టి మేడ మీద పడేశాను, వాన వెలిశాక కిరసనాయిలు పోసి తగలబెడదామని.

రెండు రోజులు వాన వదల్లేదు. మూడో రోజు గట్టు మీది నుంచి ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది. పట్నంలో నాలుగిళ్ళల్లో అంట్లు తోముతుంది. అమ్మను అమ్మా అనీ, నన్ను అక్కా అనీ పిలుస్తుంది. తడిసి ముద్దయి, గడప బయటే నిలబడింది.

"అక్కా, అమ్మ నాకొక బేనరు కుట్టి ఇస్తానని చెప్పినాది. ఉండేది చినిగిపొయ్యి పొయ్యిమీదే కారతా ఉండాది. ఏమన్నా మిగిలిందా?"

ఆమెను మేడ మీదికి తీసుకెళ్ళాను. అమ్మ తను కుట్టినవన్నీ పోకముందే పంచేసింది. మిగిలింది వేరేగా చుట్టిపెట్టిన చావు ఫ్లెక్సీలే. అవి మరీ చిన్నవి, పైగా ఎవరెవరివో. నేను వాటినే ఒక్కొక్కటీ విప్పి చూస్తున్నాను. ఆమె మాత్రం మూల పడి ఉన్న పెద్ద చుట్టను కాలితో జరిపి చూసింది.

"ఇదేంది అక్కా? పెద్దగా ఉండాదే."

"దాన్ని ముట్టుకోవద్దు. అది అమ్మ చావు బేనరు. తగలబెట్టేది."

ఆమె ఆ మాట విననట్టే చుట్ట విప్పింది. ముందు తలైవర్ బూట్లు వచ్చాయి, తర్వాత ఆయన, చివర్న మూల గడిలో అమ్మ. ఆమె తడి కొంగుతో అమ్మ మొహం మీది బురద తుడిచింది. "ఇది నాకియ్యి అక్కా" అంది.

"చావుదమ్మా అది. మీ పిల్లలుండే ఇల్లు."

"అమ్మదే గదా అక్కా. అమ్మ మా నెత్తిన ఉంటే మాకేమైతాది?"

కిందికి వెళ్ళి కత్తెర తెచ్చాను, తలైవర్‌ను కోసి పారేసి అమ్మ ఉన్న పక్క ఇద్దామని. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "కోయొద్దక్కా. ఆయన్ని కోస్తే మిగిలేది యాడుంది? నా పొయ్యి మీద కారతాది." నిజమే. ఆ గుడ్డలో గుడిసెకు సరిపోయేదంతా ఆయనే. అమ్మ ఉన్న ముక్కతో ఒక తట్ట కూడా మూయలేం. ఇంతకంటే అవమానం ఇంకోటి ఉంటుందా అనుకున్నాను, అనుకుంటూనే కత్తెర పక్కన పెట్టాను.

అమ్మ దబ్బనం, దారపు ఉండ, చెప్పు రబ్బరు బిళ్ళలు డబ్బాలో ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. మేడ మెట్ల గదిలో కూర్చుని ఇద్దరం అంచులు కుట్టాం. పైన రాసిన అక్షరాలన్నీ, కన్నీటి అంజలి, మూలస్తంభం, ప్రియ సోదరి అన్నీ, తాడు పెట్టి మడిచిన అంచులోకి పోయాయి. ఆ ఒక్క పనీ నేను మనసారా చేశాను. అడుగున ఉన్న తలకాయలు కూడా మడతలోకే పోయాయి. నా కుట్లు వంకర. అమ్మ చూస్తే విప్పి మళ్ళీ కుట్టమనేది.

ఆ మధ్యాహ్నమే బస్సులో వెళ్ళాం. కండక్టరు మూటను చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. గుడిసె దగ్గర నేను అలవాటుగా బొమ్మ పైకి వచ్చేలా పరవబోతే ఆమె అడ్డు పడింది.

"తిప్పక్కా. బొమ్మ లోపలికి."

"అమ్మ పద్ధతి నీకు తెలుసు గదా. బొమ్మ పైకి."

"తెలుసు. అమ్మను వానలో పెట్టేదానికి నాకు మనసు రాదు."

"మరి ఆయనా లోపలికే వస్తాడే."

"రానీ. ఆయన పక్క చాపలూ గుడ్డల మూటలూ ఏలాడదీస్తా. ఆయన మొకం ఎవురు చూస్తారు?"

అలా మా అమ్మ పెట్టిన పద్ధతిని మొదటిసారి తిరగేశాం. కప్పు మీద పరిచి బయట తాళ్ళు బిగించాక, లోపలి నుంచి మూలలను వెదురు వాసాలకు కుట్టడం మిగిలింది. నేను బోర్లించిన తొట్టి మీద నిలబడి దబ్బనం పొడుస్తుంటే ఆమె కింద నుంచి దారం అందిస్తోంది. పొయ్యి మీదికి ఒక్క చుక్క రావడం లేదు. అమ్మ నా మొహానికి జానెడు దూరంలో, ఎవరిదో హారం వేసుకుని, ఎవరినో చూసి నవ్వుతోంది.

అప్పుడే బయట కారు తలుపులు పడ్డాయి. ఎన్నికలు వస్తున్నాయి, ఈ మధ్యే ఆ గట్టు మీదవాళ్ళకు ఓటు కార్డులు వచ్చాయి. తలైవర్ అన్నం పొట్లాలు పంచడానికి వచ్చాడు. వెనక గొడుగు పట్టుకున్న వాడు, ఫోటోలు తీసేవాడు, వాళ్ళ వెనక మా వీధి తమ్ముడు. గుడిసెలోకి వంగి వచ్చి, పొట్లం చేతికిస్తూ ఫోటోకు నిలబడి, ఆయన తలెత్తాడు. కప్పంతా తానే. చాపలు ఇంకా కట్టలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"నన్ను ఇంట్లోనే పెట్టుకున్నారే" అన్నాడు. ఫోటో తీసేవాడు అది కూడా తీశాడు. ఆయన చూపు పక్కకు జరిగింది.

"ఆ పక్కన ఎవరమ్మా ఆమె?"

తమ్ముడు తల దించుకుని చెప్పుల బురద చూసుకున్నాడు. నా నోట్లోకి అన్నీ ఒకేసారి వచ్చాయి. ఆ ఆఫీసు, ఆ ఖాళీ కుర్చీలు, ఆ టీ, వీధి మొగదల పద్దెనిమిది అడుగుల ఫ్లెక్సీ మీది ప్రియ సోదరి, అన్నీ. మా అమ్మ అని మొదలుపెట్టి ఎక్కడ ఆపేదాన్నో నాకే తెలియదు. నేను నోరు తెరిచేలోపు కింద నుంచి, దారం వదలకుండానే, ఆమె జవాబు చెప్పింది.

"మా అమ్మ సార్."

"అట్లాగా. బాగుందా అమ్మ?"

"బాగుండాది సార్. వాన రానీకుండా చూసుకుంటా ఉండాది."

ఆయన మంచిది మంచిది అంటూ నమస్కారం పెట్టి, పక్క గుడిసెకు వెళ్ళిపోయాడు. గొడుగు వెళ్ళింది. తమ్ముడు ఒక్క క్షణం ఆగి, నా వైపు చూడకుండా వెళ్ళాడు. నేను చూడకుండా పొడిస్తే దబ్బనం వేలికి గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఆమె మా అమ్మే, ఇంకెవరిదీ కాదని వీధంతా అరిచి పోట్లాడిన దాన్ని, ఆ మాట ఇంకొకామె నోటి నుంచి వింటే దిద్దాలనిపించలేదు.

"దారం లాగక్కా" అంది ఆమె కింద నుంచి. "ఇంకో మూల ఉండాది."

లాగాను.